ఆగడానికి చోటు లేని దారి: ముడిమ్యాల పరిసరాల్లో జాతీయ రహదారి 163 అంచులపై ఒక పరిశీలన

రోడ్డు భద్రతపై మన దగ్గర జరిగే చర్చ ఎక్కువగా డ్రైవరు చుట్టూ తిరుగుతుంది. వేగం, నిద్రమత్తు, మద్యం, హెల్మెట్ గురించి మాట్లాడినంతగా రోడ్డు అంచు గురించి మాట్లాడం. తారు ఎక్కడ ఆగిపోతుంది, ఆగాక పక్కన ఏముంది, టైరు పేలిన లారీ పక్కకు జరగాలంటే చోటుందా అన్న ప్రశ్నలు పెద్ద ప్రమాదం జరిగినప్పుడు రెండు రోజులు వినిపించి సద్దుమణుగుతాయి. హైదరాబాద్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ, పరిగి మీదుగా కొడంగల్ వైపు సాగే జాతీయ రహదారి 163ను జనం బీజాపూర్ రోడ్డు అంటారు. ముడిమ్యాల, దాని చుట్టుపక్కల ఊళ్లు ఈ దారి మీదే ఆధారపడి బతుకుతున్నాయి. ఈ దారి అంచు చెడిపోయిన బండ్లకంటే ముందు మనుషులకు అవసరం. ఆ సంగతి మరిచి వేరే దేశపు కొలతలు తెచ్చి అతికిస్తే సరిపోదు. నాలుగు వరసలు వేసినంత మాత్రాన కూడా సమస్య తీరదు. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది అదే.

చెడిపోయిన బండి ఆగడానికి తారు అంచున ఉంచే గట్టి పట్టీని షోల్డర్ అంటారు. అది లేని పెద్ద రోడ్లపై లోతుగా వాదన జరిగిన దేశం బ్రిటన్. రద్దీ పెరిగింది, కొత్త భూమి సేకరించడం ఖర్చుతో కూడిన పని. అందుకని 2006లో ఎం42 మోటార్‌వే మీద రద్దీ వేళల్లో హార్డ్ షోల్డర్‌పైనే బండ్లను నడవనిచ్చారు. 2014 నుంచి కొన్ని చోట్ల షోల్డర్‌ను శాశ్వతంగా తీసేసి మామూలు వరసగా మార్చారు. దాని బదులు అక్కడక్కడా అత్యవసరంగా ఆగే బేలు, వరస మూసినట్టు చూపే ఎర్ర ఇంటూ గుర్తు, ఆగిన బండిని పసిగట్టే రాడార్లు పెట్టారు. బేల మధ్య దూరం కొన్నిచోట్ల రెండున్నర కిలోమీటర్ల దాకా ఉండేది. ఇంజిన్ ఆగిపోయిన కారు అంత దూరం వెళ్లలేదు. 2020లో ప్రభుత్వం జరిపిన సమీక్షలో ఈ రోడ్ల స్వభావం బయటపడింది: కదిలే బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకునే ముప్పు తగ్గింది, ఆగిన బండిని వెనకనుంచి వచ్చేది గుద్దే ముప్పు పెరిగింది. మరణాల తర్వాత కుటుంబాలు పోరాడాయి, పార్లమెంటు కమిటీ 2021లో నివేదిక ఇచ్చింది, చివరికి 2023 ఏప్రిల్‌లో స్మార్ట్ మోటార్‌వేలు అని పిలిచే ఈ తరహా కొత్త రోడ్ల నిర్మాణాన్ని రద్దు చేశారు.

ఆ అనుభవం మనకు పనికొస్తుంది, కానీ నేరుగా కాదు. మోటార్‌వే మీద ఎదురు బండి ఉండదు. నడిచేవాళ్లు, సైకిళ్లు, ట్రాక్టర్లు ఉండవు. అక్కడ ఆగిన బండి తెచ్చే ముప్పు వెనకనుంచి. రెండు వరసల బీజాపూర్ రోడ్డు మీద ఆగిన బండి తెచ్చే ముప్పు ఎదురునుంచి.

ఇది లెక్కలో స్పష్టంగా కనిపిస్తుంది. మన దేశంలో రెండు వరసల రోడ్డుకు ప్రామాణిక వెడల్పు 7 మీటర్లు. బస్సుకైనా లారీకైనా చట్టం ఒప్పుకునే గరిష్ఠ వెడల్పు 2.6 మీటర్లు. ఎదురెదురుగా ఒక బస్సు, ఒక టిప్పర్ దాటుకుంటే 5.2 మీటర్లు వాటికే పోతాయి. మిగిలిన 1.8 మీటర్లను రెండు అంచులకూ, నడుమ ఖాళీకీ పంచితే ఒక్కోచోట 60 సెంటీమీటర్లు. బయటికి పొడుచుకొచ్చే అద్దాలు ఇందులోంచే తమ వాటా తీసుకుంటాయి. ఇప్పుడు ఆ రెండింటిలో ఒకటి చెడిపోయి ఆగిందనుకుందాం. రోడ్డు దిగడానికి గట్టి నేల లేకపోతే రెండు వైపుల బండ్లకూ మిగిలేది 4.4 మీటర్లు. వెనకొచ్చినవాళ్లంతా ఎదురు వరసలోకి వెళ్లాల్సిందే. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో మరో బండిని క్షేమంగా దాటాలంటే ముందు 470 మీటర్ల దారి కనబడాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిర్ణయించింది. మలుపులు, చెట్ల బోదెలు అడ్డొచ్చే దారిలో అంత చూపు ఎన్ని చోట్ల దొరుకుతుంది?

తారు పక్కన మట్టి ఉంది కదా అని అనవచ్చు. ఇంజనీర్లు బర్మ్ అనే ఆ మట్టిపట్టీ వానాకాలంలో కోసుకుపోతుంది. తారు అంచు మెట్టులా పైకి లేస్తుంది. లారీకి సైడు ఇవ్వబోయిన మోటార్‌సైకిల్ ముందు చక్రం ఆ మెట్టు దిగితే, తిరిగి తారు ఎక్కడానికి నడిపేవాడు హ్యాండిల్‌ను గట్టిగా తిప్పుతాడు. చక్రం మెట్టుకు రాసుకుంటూ కాసేపు ఎక్కదు. ఎక్కిన క్షణంలో బండి ఒక్కసారిగా ఎదురు వరసలోకి దూసుకుపోతుంది. పోలీసు రికార్డులో అది అదుపు తప్పడంగా నమోదవుతుంది. తారు అంచు ఎత్తును కొలిచి రాసే గడి మన ప్రమాద నివేదికల్లో ఉండి తీరాలి. మెట్టును మట్టితో నింపి దిమ్మిస చేయడం అతి తక్కువ ఖర్చుతో అయ్యే పని.

ఈ అంచు మీద బతికే మనుషుల విషయానికొద్దాం. చేవెళ్ల, మొయినాబాద్ మండలాలు కూరగాయలకు, పూలకు పేరున్నవి. ఈ ప్రాంతంలో ఊరి దారి పెద్ద రోడ్డును కలిసే చోటును గేటు అంటారు. గేటు దగ్గరే బస్సు ఆగుతుంది, ఆటో ఎక్కుతారు, చాయ్ హోటల్ ఉంటుంది, కూరగాయల గంపలు పెడతారు. నగరం నుంచి వచ్చిన కారు రెండు చక్రాలు తారు మీద, రెండు మట్టిలో పెట్టి బేరమాడుతుంది. వెనకొచ్చే లారీ పక్కకు తిరగాలి. షోల్డర్ ఉండాల్సిన చోటే అంగడి, బస్టాపు, కాలిబాట. ఇందులో తప్పు పట్టాల్సింది అమ్ముకునేవాళ్లను కాదు. కొనేవాళ్లు ఆగేది అక్కడే, బస్సు ఆగేదీ అక్కడే. గంప వెనక్కి జరిపితే గిరాకీ పోతుంది. వాళ్లకు మరో జాగా ఎవరూ చూపలేదు.

ఈ అంచు మీది బతుకుకు ఎంత ముప్పుందో 2024 డిసెంబరు 2న ఆలూరు దగ్గర తేలింది. అదుపు తప్పిన లారీ రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకుంటున్నవాళ్ల మీదికి దూసుకెళ్లి చెట్టును గుద్దుకుని ఆగింది. నలుగురు చనిపోయారు. బ్రిటన్ భాషలో చెప్పాలంటే ఆ రోజు తారు మీద ఆగిన బండి ఏదీ లేదు. ఆగి ఉన్నది మనుషులు. ఏడాది తిరక్కముందే, 2025 నవంబరు 3 ఉదయం, మీర్జాగూడ దగ్గర తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర లోడు టిప్పర్ ఎదురుగా ఢీకొంది. కంకర బస్సులోకి పడింది. 19 మంది ప్రాణాలు పోయాయి. షోల్డర్ ఉంటే ఈ ప్రమాదం తప్పేదని నేను అనను, అలా అనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు. 60 సెంటీమీటర్ల ఖాళీలో డ్రైవర్లిద్దరికీ పొరపాటును సర్దుకునే అవకాశం ఎంత అన్నది మాత్రం అడగక తప్పదు.

దానికి ముందురోజే రాజస్థాన్‌లోని ఫలోది దగ్గర ఆగి ఉన్న ట్రెయిలర్‌ను టెంపో ట్రావెలర్ వెనకనుంచి గుద్ది 15 మంది చనిపోయారు. సుప్రీంకోర్టు దాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. ఎదురు బండి లేకపోయినా ఆగిన బండి ముప్పు తెస్తుందనడానికి అదొక్కటి చాలు.

పోలీసు అకాడమీ దగ్గరి అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్లను నాలుగు వరసలు చేయాలన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి నిలిచిపోవడానికి మర్రిచెట్లు ఒక కారణం. దారికి రెండు వైపులా దాదాపు 900 చెట్లున్నాయి. వాటిని కాపాడాలని కొందరు పౌరులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించారు. ఎక్కువ చెట్లను ఉన్నచోటే ఉంచేలా డిజైను మారింది, 2025 చివర్లో పనులకు దారి తెరుచుకుంది. ప్రమాదాల వేడిలో చెట్లను నిందించినవాళ్లున్నారు. నాకది అన్యాయంగా తోస్తుంది. మనుషుల ప్రాణాలకూ మర్రిచెట్లకూ పోటీ పెట్టనక్కర్లేదు. పాత తారును ఒక దిశకు ఉంచి, చెట్లకు అవతల రెండో దిశకు కొత్త దారి వేస్తే చెట్లు నడుమ విభాగినిలోకి వస్తాయి. అయితే ఒక షరతు ఉంది. 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారుకు మర్రిబోదె గోడతో సమానం. బోదెకూ తారుకూ మధ్య క్రాష్ బారియర్ లేకుండా ఈ డిజైను పూర్తయినట్టు కాదు.

మరో విషయం చర్చల్లో దాదాపు వినిపించదు. ఈ రోడ్డు 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డుకు తగిలి ఉంది. ఎనిమిది వరసల ఆ దారిలో 2023 నుంచి గరిష్ఠ వేగం 120 కిలోమీటర్లు. అక్కడ నడకకూ ద్విచక్రవాహనాలకూ అనుమతి లేదు. దాని మీద కొంతసేపు నడిపిన డ్రైవరు అప్పా జంక్షన్ దగ్గర దిగి నిమిషాల్లోనే ట్రాక్టర్లు, మేకలమందలు, బడిపిల్లలు ఉన్న దారిలో పడతాడు. కాలు బ్రేకు మీదికి వచ్చినా కన్ను వేగం తగ్గించుకోవడానికి సమయం పడుతుంది. వేగాన్ని దశలవారీగా తగ్గించే ఏర్పాటు అక్కడ మొదలవ్వాలి. మొయినాబాద్ దాటాక బోర్డు పెడితే ఆలస్యమైనట్టే.

నాలుగు వరసలు పూర్తయ్యాక వేగం పెరుగుతుంది, గేట్లు మాత్రం అక్కడే ఉంటాయి. తారు షోల్డర్ వేసి వదిలేస్తే వారం తిరిగేలోపు దాని మీద గంపలు, ఆటోలు, పంక్చర్ లారీలు చేరతాయి. అప్పుడది ఎవరి కోసం వేసిందో వాళ్లకు మిగలదు. కాబట్టి ప్రతి గేటు దగ్గరా మూడు పనులను విడదీయాలి. బస్సు ఆగే బే ప్రధాన తారుకు బయట ఉండాలి. కూరగాయల అంగడికి సర్వీసు రోడ్డు వైపు జాగా, కారు నిలుపుకునే చోటు, నీడ కావాలి. చెడిపోయిన బండి కోసం ఉంచిన షోల్డర్ ఖాళీగా ఉందో లేదో రోజూ తిరిగి చూసే గస్తీ, చెడిపోయిన బండిని లాగే క్రేను ఉండాలి. మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ ప్రమాదకరంగా బండిని వదిలేసినవాడిని తప్పుపడుతుంది. 2019 సవరణతో వచ్చిన 198ఎ సెక్షన్ డిజైను ప్రమాణాలు పాటించని కాంట్రాక్టరునూ, సంబంధిత అధికారినీ బాధ్యులను చేస్తుంది. మొదటి సెక్షన్ అమలు చేయాలంటే ఆగడానికి వేరే చోటు చూపించి ఉండాలి. అది చూపించనివాళ్ల మీద రెండోది వాడాలి.

విస్తరణ పూర్తయ్యేలోపే వెంటనే చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. తారు అంచు మెట్లను వానాకాలానికి ముందే సరిచేయడం, ముడిమ్యాల లాంటి ఊళ్ల గేట్ల వద్ద రెండు బండ్లు పట్టేంత గట్టి బే ఒక్కోవైపు వేయడం, గంపలను తారు నుంచి వెనక్కి జరపడానికి నేల చదును చేసి దీపం పెట్టడం. వీటికి భూసేకరణ దాదాపు అక్కర్లేదు. ఈ బేలు ఎక్కడ రావాలో గేటు దగ్గర కూర్చుని అమ్మేవాళ్లనూ, ఆ దారిన రోజూ బస్సు నడిపే డ్రైవర్లనూ అడిగి, డ్రాయింగులు ఖరారయ్యేలోపే గుర్తించాలి.