వట్టివేళ్ళ తడక నుంచి ఏసీ జాలి దాకా

మన హుస్నాబాద్ 2016 అక్టోబరులో కరీంనగర్ జిల్లా నుంచి సిద్దిపేట జిల్లాలోకి మారింది గాని, ఎండ మాత్రం మారలేదు. దానికి తోడు ఏప్రిల్, మే నెలల్లో యాసంగి వరికోతల దుమ్ము. ఉద్యోగ విరమణ చేసిన మనం ఆ రెండు నెలలూ పగలంతా తలుపులు వేసుకుని ఇంట్లోనే ఉంటాం. కనుక ఇంట్లో తిరిగే గాలిని ఏది వడకడుతున్నదో తెలుసుకోవడం మనకు అవసరం. అందుకు కొంత చరిత్ర చూడాలి.

మట్టిగోడల పెంకుటిళ్ళ కాలంలో కలిగినవారు దర్వాజాలకు వట్టివేళ్ళ తడకలు కట్టి నీళ్ళు చల్లించేవారు. అక్బరు కాలంలో ఇటువంటి వేళ్ళతో చల్లని గదులు కట్టించిన సంగతి అబుల్ ఫజల్ ‘ఐనీ అక్బరీ’లో రాశాడు. తడి వేళ్ళ మధ్య నుంచి వచ్చే గాలి చల్లబడేది, అందులోని పెద్ద దుమ్ము ఆ తడికి అంటుకునేది. ఒకే తడక రెండు పనులు చేసేదన్నమాట. ఆ తరువాత వచ్చిన రేకు కూలరు కూడా ఆ తడకకు వారసురాలే. మూడు వైపులా కూలర్ గడ్డి, లోపల ఒక ఫ్యాను, అడుగున నీళ్ళు. బోరునీటి ఉప్పు పేరుకుని ఆ గడ్డి గట్టిపడితే గాలీ రాదు, చల్లదనమూ రాదు. అందుకే ఏటేటా గడ్డి మార్చేది.

ఏసీ పుట్టుక వేరు. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చుకూటంలో గాలి తేమకు కాగితం సాగి రంగులు అతకకపోతుంటే, విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు ఆ తేమను అదుపు చేసే యంత్రం రూపొందించాడు. ‘ఎయిర్ కండిషనింగ్’ అనే మాటను 1906లో వాడుకలోకి తెచ్చిన స్టువర్ట్ క్రామర్ బట్టల మిల్లుల ఇంజనీరు. అంటే ఈ విద్య మొదట మనిషి సుఖం కోసం కాదు, కాగితం కోసం, నూలు కోసం వచ్చింది. ఇంటి యంత్రాలలో పెట్టిన జాలి కూడా ముందుగా యంత్రాన్ని కాపాడటానికే. లోపలి గొట్టాలకు, ఫ్యానుకు దుమ్ము పట్టకుండా చూడటమే దాని పని.

మనిషి ఊపిరితిత్తుల కోసం వడకట్టే విద్య మరో దారిన వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విషవాయువుల ముసుగులకు వాడిన కాగితం నుంచి, అణు ప్రయోగశాలల అవసరం కోసం ‘హెపా’ వడపోత తయారైంది. 0.3 మైక్రాను రేణువులను అది నూటికి 99.97 పాళ్ళు ఆపుతుంది. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 1999లో అమెరికా ఇంజనీర్ల సంఘం ‘ఆష్రే’ తన ప్రమాణంలో వడపోతలకు 1 నుంచి 16 దాకా ‘మెర్వ్’ అంకెలు నిర్ణయించింది. అంకె పెరిగేకొద్దీ వడపోత సన్నం.

అయితే సన్నపు జాలి ఎప్పుడూ మంచిదేనా? కాదని నేను నష్టపోయి తెలుసుకున్నాను. మా ఇంటావిడకు ఉబ్బసం ఎక్కువైందని ఒక వేసవిలో ఏసీ జాలి మీద దళసరి వడపోత గుడ్డ నేనే తొడిగాను. పది రోజులకు గాలి సన్నబడింది, లోపలి గొట్టాల మీద మంచు పేరుకుంది, అది కరిగి గోడ వెంట నీరు కారింది. మెకానిక్ పిల్లవాడు గుడ్డ తీసి చూపుతూ, “దీనికి ఊపిరి ఆడ్తలేదు సార్” అన్నాడు. ఆమె ఉబ్బసం తగ్గలేదు సరికదా, యంత్రానికి కూడా ఉబ్బసం పట్టించాను!

మన స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తీసుకోదు, గదిలోని గాలినే తిప్పుతుంది. దాని ప్లాస్టిక్ జాలి వెంట్రుకలను, నూగును ఆపుతుందే గాని సన్నని పొగను, 2.5 మైక్రాన్ల ధూళిని ఆపలేదు. కనుక ఆ జాలిని పదిహేను రోజులకొకసారి నీళ్ళతో కడిగి, నీడన ఆరబెట్టి పెట్టడమే సరైన పని. ఉబ్బసం, ఆయాసం ఉన్నవారికి గది కొలతకు తగిన హెపా శుద్ధి యంత్రం విడిగా పెట్టుకోవడం మేలు. రోజూ కాసేపు పొద్దున్నే కిటికీలు తెరవాలి. కూలరున్నవారు వారానికొకసారి నీరు పారబోసి తొట్టి రుద్ది కడగాలి. నిలవ నీటిలో డెంగీ దోమ పెరుగుతుంది.

అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలుండి వచ్చే సభ్యులకు ఒక మాట. అక్కడ ఇల్లంతటికీ వేడికీ చల్లదనానికీ ఒకే యంత్రం, ఒకే వడపోత. దాని చట్రం మీద కొలత, గాలి వెళ్ళే దిక్కు చూపే బాణం గుర్తు ఉంటాయి. ఆ కొలతదే కొనాలి, బాణం యంత్రం వైపు ఉండాలి. మామూలు ఇంటికి మెర్వ్ 8 సరిపోతుంది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు 13 వాడమని నిపుణులు చెప్పారు, అదీ యంత్రం తట్టుకోగలిగితేనే. రెండు మూడు నెలలకొకసారి తీసి చూసి, నల్లబడితే మార్చమని పిల్లలకు గుర్తు చేయండి.

వడపోతకు ఇద్దరు యజమానులు, యంత్రం ఒకటి, మనిషి ఒకరు. ఇద్దరికీ ఊపిరి ఆడేదే సరైన వడపోత. ఈ వేసవికి మీ ఇంటి జాలి ఒకసారి విప్పి చూడండి.