భీమునిపట్టణమున ఓడ నిలిచిన కాలము

భీమునిపట్టణమునకు ఓడ వచ్చినదన్నంతమాత్రమున అది ఒడ్డునకు చేరినదని తలంపరాదు. గోస్తని సముద్రమున కలియు ఆ తీరమున లోతు చాలదు. పెద్ద ఓడలు దూరముననే లంగరు దించి నిలిచెడివి. నడుమనున్న కెరటములను దాటించుటకు మసూలా పడవయే గతి.

ఆ పడవ నిర్మాణము గమనింపదగినది. దాని పలకలకు మేకులు కొట్టరు. కొబ్బరిపీచు త్రాటితో కుట్టుదురు. అల మోదినప్పుడు కుట్టు సాగి దెబ్బను సైచును. బిగువుగా మేకులు కొట్టిన పడవయైనచో ఆ దెబ్బకే చీలిపోవును. చదువుకొన్నవారు దీనిని శాస్త్రమనుటకు జంకుదురు. శాస్త్రమన వేరొక రీతిగా నుండునా?

డచ్చివారు 17వ శతాబ్దమున ఇచట వర్తకస్థానము నెలకొల్పిరి. వారి సమాధులు నేటికిని కలవు. 1825లో ఊరు ఆంగ్లేయుల వశమయ్యెను. 1861లోనే పురపాలక సంఘమేర్పడెను. ఈ సంగతులు పలువురెఱిగినవే. పడవవారి సంగతి మాత్రము చరిత్రకారులు ఒక వాక్యముతో దాటవేయుదురు.

పొగయోడల కాలమున బ్రిటిష్ ఇండియా కంపెనీవారి ఓడలు గోపాలపురము, కళింగపట్టణము, భీమునిపట్టణము, విశాఖపట్టణము, కాకినాడలందాగుచు సరకులను, జనమును చేరవేసెడివి. సరకులలో గోగునార ముఖ్యము. మన పొలములలో అది గోగు. విదేశపు సంతలో ‘బిమ్లిపటం జూటు’. ఊరిపేరు నారకు దక్కినది. రంగూనునకు కూలికై తరలిన మనుష్యులకు అదియు దక్కలేదు. ఏ రేవున ఓడ యెక్కినను బర్మాలో తెలుగువాడు ‘కోరంగీ’యే. నారకట్టయైనను, బిడ్డనెత్తుకొన్న తల్లియైనను ఓడను చేరుట ఆ కుట్టుపడవ మీదనే. సముద్రము పొంగిన దినమున పడవ కదలదు; పడవ కదలనిచో ఓడ వచ్చియు రానట్లే.

రైలుమార్గము విజయనగరము మీదుగా పోయి ఈ ఊరిని విడిచినది. అంతకంటె పెద్ద దెబ్బ 1933లో తగిలెను. ఆ యేట అక్టోబరు 7వ తేదీన ‘జలదుర్గ’ యను ఓడ విశాఖపట్టణపు నూతన నౌకాశ్రయమున ప్రవేశించెను. ఓడ గట్టుననే ఆనుకొని నిలిచిన పిమ్మట పడవతో పనియేమి? సరకు అటు మరలెను. 1942లో యుద్ధము బర్మా దారిని మూసివేసెను. భీమునిపట్టణమునకు ఓడల రాక క్రమముగా సన్నగిల్లెను.

విశాఖపట్టణమునకు 2022 జూన్ నెలలో విహారనౌక యొకటి వచ్చి, వేడుకకై ప్రయాణించువారిని ఎక్కించుకొనిపోయెను. అట్టి నౌకల కొఱకు అచట ప్రత్యేకముగా కట్టిన స్థానము 2023 సెప్టెంబరు 4వ తేదీన ప్రారంభమయ్యెను. ఆ నౌకలలోనికి ప్రయాణికులు గట్టుమీదనుండియే నడచి పోవుదురు.