నీళ్ళు కాగాయా?

ఒకప్పుడు తెల్లవారుతూనే కాఫీ కంటే ముందు అడిగే ప్రశ్న ఒకటుండేది - "నీళ్ళు కాగాయా?" అని. అడిగేది ఎవరైనా, జవాబు చెప్పవలసింది మాత్రం ఆడవాళ్ళే!

పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి. దానిమీద మసిపట్టిన కాగు. వానాకాలం వచ్చిందంటే పుల్లలు అంటుకోవు. ఊదీ ఊదీ ఇల్లాలి కళ్ళల్లో నీళ్ళు కారేవిగాని, కాగులో నీళ్ళు కాగేవి కావు. ఆ తర్వాత రాగి బాయిలరు వచ్చింది. నడుమ గొట్టంలో బొగ్గులూ, చుట్టూ నీళ్ళూ. పైన చన్నీళ్ళు పోస్తే పక్కనున్న ముక్కులోంచి వేణ్ణీళ్ళు వచ్చేవి. పెద్దలు, మగవాళ్ళు, పిల్లలు అందరి స్నానాలూ అయి ఆవిడ వంతు వచ్చేసరికి నిప్పు కాస్తా ఆరిపోయేది.

మొన్న మా స్నానాలగదిలో ట్యాంకు లేని గీజరు బిగించారు. అట్టపెట్టెంత ఉంది. మా అత్తగారు దాన్ని తేరిపార చూసి, "ఇందులో నీళ్ళెక్కడుంటాయే?" అన్నారు. ఉండవు! గొట్టంలో పారుతూ పారుతూనే వేడెక్కుతాయి.

ఇదేదో నిన్నటి వింత అనుకునేరు. ట్యాంకు ఉన్న ఆటోమేటిక్ హీటరు కంటే ఇదే వయసులో పెద్దది. ఐస్‌లాండులో భూమిలోంచి వేణ్ణీళ్ళు ఎగజిమ్మే ఊట ఒకటుంది. దాని పేరు గేసిర్. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే పెయింటరు, గ్యాసు మంటతో అప్పటికప్పుడు నీళ్ళు కాచే యంత్రానికి పేటెంటు తీసుకుని ఆ ఊట పేరే పెట్టాడు. అదే మన గీజరు. ట్యాంకు ఉన్న ఆటోమేటిక్ హీటరును అమెరికాలో ఎడ్విన్ రూడ్ అనే నార్వే ఇంజనీరు తయారు చేసింది 1889లో. జర్మనీలో హ్యూగో యుంకర్స్ 1895లో కంపెనీ పెట్టి స్నానానికి గ్యాసు హీటర్లు అమ్మాడు. 1915లో మొత్తం లోహంతో చేసిన విమానాన్ని ఎగరేసిందీ ఆయనే. వేణ్ణీళ్ళ డబ్బు గాలిలోకి ఎగిరిందన్నమాట!

అయితే మాన్ గారి గీజరులో ఒక పెద్ద లోపం ఉంది. కాలిన గ్యాసు బయటికి పోవడానికి గొట్టం లేదు. అంటే ఆ విషవాయువు స్నానం చేసే మనిషి దగ్గరే ఉండిపోతుంది. నూటయాభై ఏళ్ళు దాటినా ఆ ప్రమాదం మన ఇళ్ళల్లో తీరలేదు. కిటికీ లేని గదిలో గ్యాసు గీజరు వెలిగించి తలుపు గడియ వేసుకుంటే, కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తల తిరుగుతున్నదని తెలిసేలోపే మనిషి పడిపోవచ్చు. అందుకే గ్యాసుదైతే గీజరునూ సిలిండరునూ గది బయట, గాలి ఆడేచోట పెట్టించండి. చోటు లేదంటే కొనకండి.

కరెంటుదైతే లెక్క వేరు. మూడు కిలోవాట్ల గీజరుకు పదహారు ఆంపియర్ల ప్లగ్గు, విడిగా వైరు, సరైన ఎర్తింగు ఉండాలి. "ఎర్తు లేకపోయినా నడుస్తుందమ్మా" అనే పనివాడి మాట నమ్మకండి. నడుస్తుంది, కాని ప్రాణంమీదికి తెస్తుంది. నీళ్ళను ఇరవై డిగ్రీలు వేడెక్కించాలంటే నిమిషానికి రెండు లీటర్లకు మించి ఇవ్వలేదు. పదహారు లీటర్ల బకెట్టుకు ఎనిమిది నిమిషాలు. తొందరపడి కుళాయి పూర్తిగా తిప్పారో, గోరువెచ్చనే!

అయినా దీనిమీద నాకో అభిమానం. మొదటి బకెట్టు ఎంత వేడో, అయిదో బకెట్టూ అంతే వేడి. ఇంట్లో అందరికంటే చివర స్నానం చేసే మనిషికి కూడా వేణ్ణీళ్ళు మిగులుతాయి.

ఆ చివరి మనిషి ఎవరో మీకు వేరే చెప్పాలా?