మన జిల్లాలు: వాని పుట్టుపూర్వోత్తరములు

మీదే యూరని యెవరైన నడిగినచో మనము ఊరిపేరు చెప్పి, వెంటనే జిల్లాపేరును జేర్చుదుము. ఊరు వేయేండ్లనాటిది కావచ్చును. జిల్లా యన్ననో క్రొత్తది. జిల్లాల హద్దులను గీచినవా రెవరు, ఏల గీచిరి, ఆ హద్దులు మారినపుడు మనము పోగొట్టుకొనున దేమి యను విషయమును గూర్చి, ఆంధ్రప్రదేశమునే దృష్టాంతముగా గైకొని నాలుగు మాటలు మనవి చేసెదను.

పూర్వము దేశభాగములకు నాడు, సీమ, విషయము అను పేర్లుండెడివి. వేంగినాడు, వెలనాడు, కమ్మనాడు, పాకనాడు, రేనాడు, పలనాడు అనునవి యట్టివి. క్రీ. శ. 6వ శతాబ్దిలో తెలుగున శాసనములు వేయించిన చోళులు రేనాటివారే. పిమ్మట మహమ్మదీయ ప్రభువుల కాలమున సర్కారులు వచ్చినవి. ‘జిల్లా’ యను మాట అరబ్బీ పదము. ప్రక్కటెముక, పార్శ్వము అని దాని యర్థము. దేశము దేహమైనచో జిల్లాలు దాని ప్రక్కటెముకలని మనము భావించుకొనవచ్చును.

నేటి జిల్లాలకు మూలము కంపెనీవారి యేలుబడి. 1765లో ఢిల్లీ పాదుషా షా ఆలము ఫర్మానాచే ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీకి సంక్రమించెను. గుంటూరు సర్కారు మాత్రము 1788లో గాని వారి చేతికి రాలేదు. 1794లో ఆ సీమయందు కలెక్టర్ల నేర్పరచిరి. 1800లో నిజాము ప్రభువు వదలుకొనిన సీమలు దత్తమండలములైనవి. వానికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు నుండి రైతువారీ పద్ధతికి పునాది వేసెను. ఆ దత్తమండలములకే 1928లో నంద్యాల సభయందు రాయలసీమ యను గౌరవనామము కలిగినది. నెల్లూరు 1801లో ఆర్కాటు నవాబునుండి వచ్చెను. కర్నూలు నవాబు 1839లో పదవీభ్రష్టుడయ్యెను. ఇట్లు తొలి హద్దులు యుద్ధముల వలనను, సంధుల వలనను ఏర్పడినవే గాని ప్రజల సౌకర్యమును జూచి గీచినవి కావు. కలెక్టరనగా వసూలు చేయువాడనియే గదా యర్థము! శిస్తే యానాటి ముఖ్యప్రయోజనము.

హద్దు చెడినచో ప్రజల కేమి కష్టమో గుంటూరు చరిత్రము తెలుపుచున్నది. 1832-33లో, నందననామ సంవత్సరమున, ఆ సీమను డొక్కల కరవు తుడిచిపెట్టెను. 1859లో గుంటూరు జిల్లాయే రద్దయ్యెను. గోదావరి, కృష్ణ అను నదుల పేర్లతో జిల్లాలేర్పడి, కృష్ణామండలమునకు మచిలీపట్టణము ముఖ్యస్థానమయ్యెను. పల్నాటి రైతునకు జిల్లా కచ్చేరి కృష్ణ కావలి యొడ్డున, సముద్రతీరమున నుండెను. 1904లో గుంటూరు తిరిగి జిల్లా యగువరకు నలువదియైదేండ్లు ఇట్లే గడచినవి.

పిమ్మటి విభాగములకు దూరభారమే ముఖ్యకారణము. బళ్లారినుండి అనంతపురము 1882లోను, ఉత్తర ఆర్కాటు, కడప భాగములతో చిత్తూరు 1911లోను వెలసెను. 1925లో పశ్చిమగోదావరియు, 1950లో శ్రీకాకుళమును, 1970లో ఒంగోలును, 1979లో విజయనగరమును ఏర్పడెను. ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. 2014లో రాష్ట్రము విడిపోవునాటికి 13 జిల్లాలు మిగులగా, 2022 ఏప్రిల్ 4న వానిని 26 చేసిరి. అల్లూరి సీతారామరాజు, అన్నమయ్య మొదలగు మహనీయుల పేర్లు అపుడే జిల్లాలకు వచ్చినవి.

గీతలు మారినను నేల గుణము మారలేదు. 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టయు, 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్టయు డెల్టాలను వరిమాగాణములుగా జేసినవి. కోనసీమకు కొబ్బరి, గుంటూరునకు మిరప, నెల్లూరునకు పెన్న నీటి వడ్లు, చిత్తూరునకు మామిడి, అరకు కొండలకు కాఫీ ప్రసిద్ధములు. అనంతపురమున వాన తక్కువ. అచటి రైతు వేరుసెనగ విత్తి మబ్బువంక జూచుచుండును.

ఇక అసలు సంగతికి వచ్చెదను. చీరాలను జూడుడు. 1859కి ముందు అది గుంటూరు జిల్లాలోనిది, అటుపై కృష్ణలోనిది, 1904నుండి మరల గుంటూరులోనిది, 1970నుండి ఒంగోలు, అనగా ప్రకాశము జిల్లాలోనిది, 2022నుండి బాపట్ల జిల్లాలోనిది. ఊరు అంగుళమైనను కదలలేదు. భద్రాచలము 1874లో మధ్యపరగణాలనుండి గోదావరి జిల్లాకును, 1959లో ఖమ్మమునకును మారెను. 2014లో చుట్టుప్రక్కల గ్రామము లనేకము ఆంధ్రప్రదేశమున జేరగా, రామాలయమున్న ఊరు తెలంగాణమున నిలిచెను.

ఇందువలన మనకు వచ్చు నష్టమేమి? తాతలనాటి యీనాము పట్టా, చెరువు కట్టుబడి కాగితము, గుడిమాన్యపు దాఖలా ఆనాటి జిల్లాపేరుతోడనే యుండును. 1965నాటి చీరాల దస్తావేజును బాపట్ల జిల్లా పేరున వెదకిన దొరకునా? ఆ పాతపేరు తెలిసిన వృద్ధుడు పోయినచో కాగితమున్నను దారి తప్పును. దారి తప్పిన కాగితముతో చెరువుశిఖమును, గుడిమాన్యమును అన్యాక్రాంతమగుటకు అవకాశమేర్పడును.

కావున పెద్దలారా, మీ యూరు ఏ యేట ఏ తాలూకాలో, ఏ ఫిర్కాలో, ఏ జిల్లాలో నుండెనో ఒక కాగితమున వ్రాయుడు. 1985లో తాలూకాలుపోయి మండలములు వచ్చినవి గనుక తాలూకా పేరును మరువరాదు. ఆ కాగితము ప్రతి నొకటి పంచాయతీ కచ్చేరిలోను, ఒకటి బడిలోను ఉంచుడు. హద్దులు గీచుట ప్రభువుల పని. ఊరి జ్ఞాపకమును నిలుపుట మన పని. ఇక సెలవు.