నలభై నాలుగు సెకన్లు, ముప్ఫై ఆరేళ్ళు

మా రావులపాలెంలో ఐసంటే మాకు తెలిసింది ఊకలో కప్పి తెచ్చే దిమ్మ ఒక్కటే. చెరుకురసం బండి మీదా, చేపల బుట్టల్లోనూ కనబడేది. బ్లేడు బూట్లు కట్టుకుని దాని మీద మనుషులు పందేలు వేసుకుంటారని పెద్దయ్యాక గానీ తెలీలేదు. అలాంటి ఊళ్ళో పెరిగిన నేను మంచు మీద మగవాళ్ళ పరుగు గురించి రాయడమేమిటని మీకనిపించొచ్చు. దానికి కారణం ఒక తేదీ. జనవరి 26.

మా చిన్నప్పుడు రిపబ్లిక్ డేకి స్కూల్లో ఆటల పోటీలు పెట్టేవారు. మగపిల్లలకి వంద మీటర్లు, రెండొందల మీటర్లు. మాస్టారి చేతిలో స్టాప్‌వాచ్, పక్కన ఓ నోటుబుక్కు. ఎవరు ఎన్ని సెకన్లలో వచ్చారో అందులో రాసేవారు. ఆడపిల్లలకి మ్యూజికల్ చైర్సూ, లెమన్ అండ్ స్పూనూ. నోట్లో చెంచా, చెంచాలో నిమ్మకాయ. తొందరపడకుండా ఒద్దికగా నడిచిన పిల్లే గెలిచేది. గోదావరి గట్టు మీద మా అన్నయ్యని దాటి పరిగెత్తేదాన్ని నేను. “మాక్కూడా వంద మీటర్లు పెట్టండి మాస్టారూ” అని అడిగితే, “పడి కాలో చెయ్యో విరిగితే రేపు మీ నాన్నగారికి నేనేం చెప్పనమ్మా?” అన్నారు. ఆయన చెడ్డవారేమీ కాదు, నిజంగానే భయపడ్డారు. కానీ ఆ నోటుబుక్కులో మా పేర్లెప్పుడూ పడలేదు.

1924 జనవరి 26న ఫ్రాన్సులోని షమోనీలో ఇలాంటి నోటుబుక్కే ఒకటి తెరుచుకుంది. అక్కడ జరిగిన శీతాకాలపు క్రీడావారాన్ని తర్వాత, 1926లో, మొట్టమొదటి వింటర్ ఒలింపిక్స్‌గా గుర్తించారు. అందులో మొదటి పతకం మగవాళ్ళ 500 మీటర్ల స్పీడ్ స్కేటింగ్‌ది. ఈ పందెంలో అందరూ ఒకేసారి బయల్దేరరు. ఇద్దరిద్దరు చొప్పున పరిగెడతారు. పక్కవాణ్ణి దాటితే సరిపోదు, అందరికంటే తక్కువ సమయం తెచ్చుకోవాలి. అంటే అసలు పోటీ గడియారంతోనే. అమెరికాలోని లేక్ ప్లాసిడ్ నుంచి వచ్చిన చార్లెస్ జూట్రా 44.0 సెకన్లలో గెలిచాడు. నార్వేకి చెందిన ఆస్కార్ ఓల్సెన్ 44.2 సెకన్లతో రెండోవాడు.

ఆ వారం షమోనీలో ఆడవాళ్ళకి దక్కింది ఫిగర్ స్కేటింగ్ ఒక్కటే. అంటే అందంగా, లయబద్ధంగా చేసే విన్యాసం. వేగంతో పనిలేదు. నిజానికి అదైనా ఊరికే దక్కలేదు. 1902లో లండన్‌లో జరిగిన ప్రపంచ ఫిగర్ స్కేటింగ్ పోటీల్లో ఆడవాళ్ళు పాల్గొనకూడదని నియమం ఎక్కడా లేదని గమనించి, మాడ్జ్ సైయర్స్ అనే బ్రిటిష్ మహిళ మగవాళ్ళతో పాటు దిగింది. ఉల్రిక్ సాల్కో తర్వాత రెండో స్థానం ఆమెదే. మర్నాడే మెచ్చుకోలు అయిపోయింది, మరుసటి ఏడాదే నియమం వచ్చింది. ఇకమీదట మగవాళ్ళ పోటీల్లో ఆడవాళ్ళు దిగకూడదు! ఓడిపోయి ఉంటే ఆ నియమం అవసరమయ్యేదా?

1932లో లేక్ ప్లాసిడ్‌లో ఆడవాళ్ళ స్పీడ్ స్కేటింగ్‌ని ప్రదర్శనగా మాత్రం పెట్టారు. 500 మీటర్లు కెనడాకి చెందిన జీన్ విల్సన్ గెలిచింది. ప్రదర్శన కాబట్టి ఒలింపిక్ పతకాల లెక్కలోకి రాలేదు. అదే క్రీడల్లో మగవాళ్ళ 500 మీటర్లు గెలిచిన జాక్ షే 43.4 సెకన్లు మాత్రం చరిత్రకెక్కాయి. జీన్ విల్సన్ ఆ మరుసటి ఏడాదే జబ్బుచేసి చనిపోయింది.

నన్ను బాగా కదిలించిన కథ లైలా షౌ నిల్సెన్‌ది. నార్వే అమ్మాయి, గొప్ప స్పీడ్ స్కేటర్. 1936లో జర్మనీలోని గార్మిష్-పార్టెన్‌కిర్చెన్‌లో వింటర్ ఒలింపిక్స్ జరిగేనాటికి ఆమె ఆటకి ఆడవాళ్ళ విభాగం లేదు. ఏం చేసింది? కొండవాలు మీద స్కీయింగ్‌కి దిగింది. కాంస్యం తెచ్చుకుంది! మరుసటి ఏడాది దావోస్‌లో తన సొంత ఆటలో 500 మీటర్లకి 46.4 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టింది. ఎవరూ పెద్దగా పిలవని ఆటలో, జూట్రా సమయానికి రెండున్నర సెకన్ల లోపు దూరంలోకి వచ్చేసింది.

చివరికి 1960లో, కాలిఫోర్నియాలోని స్క్వా వ్యాలీలో, ఆడవాళ్ళ స్పీడ్ స్కేటింగ్‌కి ఒలింపిక్ పతకాలిచ్చారు. 500 మీటర్లలో తూర్పు జర్మనీ నుంచి వచ్చిన హెల్గా హాజె 45.9 సెకన్లతో గెలిచింది. మగవాళ్ళు 44 సెకన్లలో ముగించిన పరుగు, ఆడవాళ్ళ దగ్గరికి రావడానికి ముప్ఫై ఆరేళ్ళు పట్టింది.

1972లో సప్పొరోలో పదహారేళ్ళ ఆన్ హెన్నింగ్ పరిగెడుతుంటే లైను మారే చోట ఎదుటి అమ్మాయి అడ్డొచ్చింది. అయినా 43.70 వచ్చింది. మళ్ళీ పరిగెత్తే అవకాశమిస్తే 43.33కి దించింది. జూట్రా కంటే, జాక్ షే కంటే కూడా తక్కువ. ఆడవాళ్ళు మగవాళ్ళని ఓడించారని చెప్పడానికి ఇది రాయడం లేదు. అప్పటికి మగవాళ్ళూ ఇంకా ముందుకెళ్ళారు. ఐసు మారింది, శిక్షణ మారింది. నేను చెప్పేదీ అదే. వేగం అనేది ఒంట్లో పుట్టుకతో ముద్రపడి ఉండే అంకె కాదు. దానికి మైదానం కావాలి, బూట్లు కావాలి, కోచ్ కావాలి, కొలిచే గడియారం కావాలి. ఇవేవీ ఇవ్వకుండా ముందు దూరం పెట్టి, తర్వాత రికార్డుల పుస్తకం తెరిచి “చూడండి, వీళ్ళ పేర్లేవీ?” అనడం మనకి కొత్త కాదు. సాహిత్యంలోనూ, చరిత్రలోనూ ఇదే మాట వింటున్నాం.

మన దగ్గరా ఇదే. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 1994, 1995లలో వెయిట్‌లిఫ్టింగ్‌లో ప్రపంచ విజేత. 1896 నాటి మొదటి ఒలింపిక్స్‌లోనే మగవాళ్ళు బరువులెత్తారు. కానీ 1996 అట్లాంటాలో కూడా ఆడవాళ్ళకి ఆ విభాగం లేదు. 2000లో సిడ్నీలో తలుపు తీశారు. సెప్టెంబరు 19న 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి ఆమె కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం సాధించిన మొదటి భారతీయ స్త్రీ అని అందరం గర్వపడ్డాం. అట్లాంటాలో ఆమెకి దక్కకుండా పోయిన అవకాశం గురించి మాత్రం ఎవరం మాట్లాడుకోలేదు.

తలుపులన్నీ ఇంకా తెరుచుకోలేదు. ఒలింపిక్స్ స్పీడ్ స్కేటింగ్‌లో 10,000 మీటర్లు ఇప్పటికీ మగవాళ్ళదే. ఆడవాళ్ళకి 5,000 దగ్గర గీత గీశారు. ఆ 5,000 కూడా 1988 కాల్గరీలో గానీ రాలేదు.

ఆ మధ్య రిపబ్లిక్ డేకి మా ఊళ్ళో ఒక స్కూలువాళ్ళు బహుమతులివ్వడానికి రమ్మన్నారు. ఆడపిల్లలకిప్పుడు వంద మీటర్లుంది. సంతోషమనిపించింది. అయితే మగపిల్లలప్పుడు బయటికి తీసిన స్టాప్‌వాచ్, ఆడపిల్లల వంతు వచ్చేసరికి జేబులోకి వెళ్ళిపోయింది. “వీళ్ళకి ఫస్టూ సెకండూ చాలు కదండీ” అన్నారాయన. “వీళ్ళవీ రాయండి మాస్టారూ” అన్నాను. ఓ నిమిషం నావైపు చూసి, వాచ్ బయటికి తీశారు. ఆఖరున వచ్చిన పిల్ల సమయం కూడా రాశారు. పరుగయ్యాక పిల్లలంతా ఆ పుస్తకం చుట్టూ మూగారు. ఆఖరున వచ్చిన పిల్ల తన పేరు ఎదురుగా ఉన్న అంకెని వేలితో ముట్టుకుని చూసుకుని, నాతో “వచ్చే ఏడు తగ్గిస్తానండీ” అంది.