‘నియోక్లాసికల్’ అను మాట

హైదరాబాదు కోఠిలో మహిళా కళాశాలకు నెలవై పేరొందిన పూర్వపు రెసిడెన్సీ భవనమును నియోక్లాసికల్ కట్టడమందురు. అర్థశాస్త్ర గ్రంథములు తెరచినచో మార్షల్ నియోక్లాసికల్ ఆర్థికవేత్త యని కనబడును. స్తంభములకును ధరలకును పొత్తు ఏమి? పేరు ఒకటియే గనుక భావమును ఒకటియే యని విద్యార్థి తలచుట సహజము. చరిత్ర చూచినచో అట్లు కాదని తెలియును.

లాటిన్ భాషలో ‘క్లాసికస్’ అనగా మొదటి తరగతి పౌరుడు. క్రమముగా ఆ మాట మేలైన గ్రంథములకును, పిదప గ్రీకు, రోమను ప్రాచీన కళకును చెల్లినది. ‘నియో’ అనగా నూతనము. ఎవరిని ‘క్లాసికల్’ అనుచున్నారో తెలిసిననే గాని నూతనమైనది ఏదో తెలియదు.

కళలలో సంగతి స్పష్టము. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతము కప్పివేసిన హెర్క్యులేనియమ్ పట్టణమున 1738లోను, పాంపేలో 1748లోను త్రవ్వకములు మొదలయ్యెను. శిథిలాలయములను మాత్రమే ఎరిగిన యూరపువారికి రోమనుల ఇండ్లు, గోడలమీది చిత్రములు, వంటపాత్రలు సైతము కంటబడెను. గ్రీకులను అనుకరించుటయే గొప్పతనమునకు మార్గమని 1755లో జర్మను పండితుడు వింకెల్మన్ వ్రాసెను. స్టూవర్ట్, రెవెట్ అనువారు ఏథెన్సు కట్టడములను స్వయముగా కొలిచి, పటములు గీసి, 1762లో మొదటి సంపుటమును ప్రకటించిరి. మెలికలు తిరిగిన రొకోకో అలంకరణలపై అప్పటికే విసుగు పుట్టియుండెను. పారిసులోని పాంథియాన్, 1784లో డావిడ్ చిత్రించిన ‘హొరాటీల శపథము’ ఈ అభిరుచి ఫలములే. వింత యేమన, తెల్లని పాలరాయియే గ్రీకు శిల్పమునకు అందమని వారు నమ్మిరి. ఆ విగ్రహములకు మొదట రంగులుండెనని తరువాత రుజువైనది!

ఈ అభిరుచియే ఈస్టిండియా కంపెనీవారి వెంట దక్కనునకు వచ్చెను. 19వ శతాబ్దపు తొలి యేండ్లలో రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కట్టించిన పై భవనము ముందు కొరింథియన్ స్తంభములు నిలుచుట అందువలననే.

సంగీతములో ఈ మాట స్ట్రావిన్స్కీ 1920లో రచించిన ‘పుల్చినెల్లా’ వంటి వానికి చెల్లును. అక్కడ తిరిగి చూచినది గ్రీసును కాదు, 18వ శతాబ్దమును.

అర్థశాస్త్రములో ‘క్లాసికల్’ అనగా ఆడం స్మిత్, రికార్డో మొదలగువారు. వస్తువు విలువకు మూలము దాని ఉత్పత్తికి పట్టిన శ్రమ, వ్యయము అని వారి ముఖ్యభావన. ఎంతో ఉపయోగపడు నీరు చౌక యగుటయు, వజ్రము ప్రియమగుటయు ఏల యను చిక్కును స్మిత్ 1776లో ప్రస్తావించెను. దానికి సూటియైన జవాబు 1871లో ఇంగ్లండున జెవన్స్, ఆస్ట్రియాలో మెంగర్, 1874లో లోజాన్ నగరమున వాల్రాస్ వేర్వేరుగా చూపిరి. ఎడారిలో మొదటి చెంబు నీరు ప్రాణము నిలుపును. ఏటి యొడ్డున మరియొక చెంబు దొరికినను దొరకకున్నను ఒకటే. విలువను నిర్ణయించునది మొత్తము ఉపయోగము కాదు, చివరి చెంబు యొక్క ఉపయోగము.

మార్షల్ 1890లో రెండు పక్షములను కలిపెను. కత్తెరలో కాగితమును కోయునది పై అలుగా, క్రింది అలుగా యని అడుగుట ఎట్టిదో, ధరను నిర్ణయించునది వ్యయమా ఉపయోగమా యని అడుగుటయు అట్టిదే యనెను. 1900లో వెబ్లెన్ అను అమెరికను విమర్శకుడు మార్షల్ వంటివారికి ‘నియోక్లాసికల్’ అను పేరు పెట్టెను. అది మెచ్చుకోలు కాదు. తరువాతివారు జెవన్స్ మొదలగువారిని గూడ అందులో చేర్చిరి.

ఇక్కడనే తేడా. వింకెల్మన్ ప్రాచీనులను కొలిచినవాడు. జెవన్స్ రికార్డో అర్థశాస్త్రమును తప్పుదారి పట్టించెనని నిందించినవాడు. తెలుగులో ‘నవ్య సంప్రదాయ’ మనుట శిల్పమునకు చక్కగా అమరును. అర్థశాస్త్రములో మాత్రము అది జెవన్స్‌ను, తాను త్రోసిపుచ్చిన సంప్రదాయమునకే వారసునిగా చూపుచున్నది.