మెదడు పెరుగుదల కారకాలు: అల్జీమర్స్, పార్కిన్సన్స్ చికిత్స ఎంతవరకు వచ్చింది?

ఒహాయోలోని డబ్లిన్‌లో ఉండే తెలుగు కుటుంబాలకు కొలంబస్‌లోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వెక్స్‌నర్ మెడికల్ సెంటర్ దగ్గరే. అల్జీమర్స్ రోగుల మెదడులోకి బీడీఎన్ఎఫ్ అనే పెరుగుదల కారకం జన్యువును పంపే తొలి మానవ ప్రయోగం చేపట్టిన కేంద్రాల్లో అదొకటి. మతిమరుపు మొదలైన అమ్మకో నాన్నకో ఇది పనికొస్తుందా అన్నది చాలా ఇళ్లలో వచ్చే ప్రశ్న.

ఏమిటీ కారకాలు?

నాడీకణాలు బతకడానికి, పెరగడానికి, ఒకదానితో ఒకటి అనుసంధానమవడానికి శరీరమే తయారుచేసుకునే ప్రోటీన్లు ఇవి. మొదటిదైన ఎన్‌జీఎఫ్‌ను 1950లలో సెయింట్ లూయిస్‌లో రీటా లెవీ మోంటాల్చీని, స్టాన్లీ కోహెన్ గుర్తించారు. వారికి 1986లో నోబెల్ బహుమతి వచ్చింది. 1982లో పంది మెదడు నుంచి బీడీఎన్ఎఫ్‌ను వేరుచేశారు. డోపమైన్ కణాలను కాపాడే జీడీఎన్ఎఫ్ 1993లో బయటపడింది.

మాత్రగా ఎందుకు ఇవ్వలేరు?

ప్రోటీన్ కాబట్టి మింగితే కడుపులోనే జీర్ణమైపోతుంది. రక్తంలోకి ఎక్కించినా, రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే రక్షణ పొర దాన్ని దాదాపుగా అడ్డుకుంటుంది. 1990లలో స్వీడన్‌లో మెదడులోని ద్రవంలోకి ఎన్‌జీఎఫ్ పంపి చూస్తే రోగులకు నొప్పులు వచ్చాయి, బరువు తగ్గారు. అందుకే కావలసిన చోటికే చేర్చాలి. చిక్కంతా అక్కడే.

ఇప్పటివరకు ఏం జరిగింది?

ఎన్‌జీఎఫ్ జన్యుచికిత్సను 2001లో శాన్ డియాగోలో మొదటిసారి అల్జీమర్స్ రోగికి ఇచ్చారు. తర్వాత 49 మందితో జరిగిన రెండో దశ ప్రయోగంలో మేలు కనిపించలేదని 2018లో తేలింది. మరణించిన రోగుల మెదళ్లను పరీక్షించగా, మందు అసలు చేరాల్సిన కణాలకు చేరలేదని బయటపడింది.

పార్కిన్సన్స్‌లో జీడీఎన్ఎఫ్ కథా అలాంటిదే. ఆమ్‌జెన్ సంస్థ 2004లో తన ప్రయోగాన్ని ఆపేసింది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 41 మందికి చెవి వెనక అమర్చిన పోర్టు ద్వారా మందు ఇచ్చారు. 2019లో వచ్చిన ఫలితాల్లో స్కానింగ్‌లో మెరుగుదల కనిపించింది, కానీ లక్షణాల్లో ప్లసీబో కంటే స్పష్టమైన తేడా రాలేదు.

ఈ పాఠంతోనే పద్ధతి మారింది. ఇప్పుడు ఎంఆర్ఐలో చూస్తూ, మందు ఎంతవరకు వ్యాపించిందో అక్కడికక్కడే గమనిస్తూ ఎక్కిస్తున్నారు. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియాగో నడిపే బీడీఎన్ఎఫ్ ప్రయోగం పన్నెండు మందికి చికిత్స ఇవ్వాలన్న చిన్న తొలిదశ ప్రయోగం. హాని చేయని వైరస్ ద్వారా జన్యువును అల్జీమర్స్‌లో ముందుగా దెబ్బతినే ఎంటోరైనల్ కార్టెక్స్‌లోకి పంపుతారు. సురక్షితమా కాదా అన్నదే తొలిదశలో ప్రధాన ప్రశ్న. పార్కిన్సన్స్ కోసం ఏబీ-1005 అనే జీడీఎన్ఎఫ్ జన్యుచికిత్స 11 మందిపై తొలిదశ దాటి రెండో దశకు చేరింది.

విజయం లేకపోలేదు. కంటి నల్లగుడ్డు నరాలు దెబ్బతిన్న జబ్బుకు ఎన్‌జీఎఫ్ చుక్కల మందు సెనెగర్‌మిన్‌ను ఎఫ్‌డీఏ 2018లో ఆమోదించింది. చుక్కలు వేస్తే కంటికి అందుతాయి కనుక అక్కడ పని సులువైంది. మెదడు జబ్బులకు మాత్రం ఆమోదం పొందిన పెరుగుదల కారకం ఇంకా ఏదీ లేదు.

మన కుటుంబాలు గుర్తుంచుకోవలసినవి

విజిటర్ వీసా మీద వచ్చే తల్లిదండ్రులకు ఇలాంటి ప్రయోగాలు కుదరడం కష్టం. మెదడుకు శస్త్రచికిత్స జరిగాక ఏళ్ల తరబడి పరీక్షలకు రావాలి, ఒకసారి వస్తే ఇక్కడ ఉండనిచ్చే గడువు సాధారణంగా ఆరు నెలలే.

ఇండియాలో సెరిబ్రోలైసిన్ ఇంజెక్షన్లు రాస్తే కంగారు పడకుండా డాక్టరు గారిని అడగండి: ఏ జబ్బుకు, ఎన్నాళ్లు, ఏం మేలు ఆశించి? అది పంది మెదడు ప్రోటీన్ల నుంచి తీసిన పెప్టైడ్ల మిశ్రమం, దానికి ఎఫ్‌డీఏ అనుమతి లేదు. స్టెమ్ సెల్స్‌తో మతిమరుపు పోతుందని లక్షలు అడిగేవారి దగ్గర జాగ్రత్త. నిజమైన ప్రయోగం ఇండియాలోనైతే సీటీఆర్ఐలో, ఇక్కడైతే క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్‌లో సాధారణంగా నమోదై ఉంటుంది.

ఈలోగా ఖర్చు లేని దారి నడక. 2011లో ప్రచురితమైన పరిశోధనలో 120 మంది పెద్దవారిలో సగం మంది ఏడాదిపాటు వారానికి మూడు రోజులు నడిచారు. జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్ వారిలో సుమారు 2 శాతం పెరిగింది. అది ఎక్కువగా పెరిగినవారి రక్తంలో బీడీఎన్ఎఫ్ కూడా ఎక్కువ పెరిగింది. జబ్బు తగ్గిస్తుందని కాదు గానీ, అమ్మానాన్నలతో కలిసి సాయంత్రం ఓ అరగంట నడవడానికి ఈ కారణం చాలు.